మొదటిసారి బ్యాంకాక్ వెళ్తున్నారా? రైలును, పడవను నమ్ముకోండి

బ్యాంకాక్ వెళ్లొచ్చిన మనవాళ్లలో చాలామందిని ఏం చూశారని అడిగితే ఒక సఫారీ పార్కు, ఒక రత్నాల షోరూమ్, రాత్రిపూట పడవలో భోజనం, ఆ తర్వాత పట్టాయా అని చెబుతారు. ప్యాకేజీలో ఉండేవి అవే మరి. మిగతా సమయమంతా వ్యాన్‌లో, ట్రాఫిక్‌లో గడిచిపోతుంది. గోడల నిండా రామాయణం చిత్రించిన గుడి, ఊరి మధ్యలో పారే నది, వీధి చివర పది రకాల పళ్లు కోసి పెట్టే బండి అదే ఊళ్లో ఉన్నా వాళ్ల కంట పడవు. వినే ప్రతిసారీ నాకు బాధేస్తుంది. ఎందుకంటే, ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చినవాళ్లు కూడా అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని గైడు లేకుండా తిరగగలిగిన నగరం అది. బయల్దేరే ముందు కాగితాల పని సరిగ్గా పూర్తిచేసుకోవాలి. అక్కడికి చేరాక కార్లు వదిలేసి రైళ్లను, పడవలను నమ్ముకోవాలి. ఏది ముందు చేయాలో ఏది తర్వాతో వరుసగా చెబుతాను.

1. నెల ఎంచుకోవడం

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మన పిల్లల సెలవులు ఏప్రిల్, మే నెలల్లో వస్తాయి, అక్కడ ఎండలు మండిపోయేదీ అప్పుడే. పెద్దవాళ్లతో అయితే ఆ నెలలు వద్దనే చెబుతాను. ఏప్రిల్ 13 నుంచి 15 వరకు సోంగ్‌క్రాన్, అంటే వాళ్ల కొత్త సంవత్సరం. వీధుల్లో అందరూ అందరి మీదా నీళ్లు చల్లుకుంటారు. దానికోసమే వెళ్తే సరదా, తెలియక వెళ్తే ఫోను, పాస్‌పోర్టు రెండూ తడుస్తాయి. సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో వానలు ఎక్కువ. జూన్, జులైలలో వాన కురిసి వెలిసిపోతుంటుంది, హోటళ్లు చవగ్గా దొరుకుతాయి. గొడుగు పట్టుకుని తిరగడానికి అభ్యంతరం లేనివాళ్లకు అదీ మంచి సమయమే.

2. కాగితాలు

పాస్‌పోర్టుకు ప్రయాణం నాటికి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. వీసా సంగతి కొంచెం జాగ్రత్తగా చూసుకోవాలి. 2024 జులై 15 నుంచి భారతీయులు పర్యటన కోసం వీసా లేకుండా 60 రోజుల దాకా ఉండే ఏర్పాటు చేశారు. అంతకుముందు అది 30 రోజులు, దానికి ముందు ఎయిర్‌పోర్టులో డబ్బు కట్టి వీసా తీసుకునే పద్ధతి. కొద్ది కాలంలోనే ఇన్నిసార్లు మారింది కాబట్టి, టికెట్ కొనే రోజున థాయ్ రాయబార కార్యాలయం సైట్‌లో ఒకసారి చూడండి. ఏజెంటు మాట మీదా, ఆరు నెలల కిందటి యూట్యూబ్ వీడియో మీదా ఆధారపడవద్దు.

వీసా అవసరం ఉన్నా లేకపోయినా థాయ్‌లాండ్ డిజిటల్ అరైవల్ కార్డు, అంటే టీడీఏసీ, అందరూ నింపాలి. 2025 మే 1 నుంచి ఇది తప్పనిసరి. అక్కడ దిగడానికి ముందు మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో నింపాలి, పిల్లలకు కూడా. దీనికి రుసుమేమీ లేదు. గూగుల్‌లో వెతికితే పైన వచ్చే కొన్ని సైట్లు డబ్బు అడుగుతాయి, అవి ప్రభుత్వానివి కావు. అసలు సైటు థాయ్ ఇమిగ్రేషన్ శాఖది, దాని చిరునామా చివర ‘జీఓ డాట్ టీహెచ్’ అని ఉంటుంది. నింపాక వచ్చే క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌లో దాచుకోవడమే కాక ప్రింటు కూడా తీసుకోండి.

దాంతోపాటు తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ ప్రింట్లు పెట్టుకోండి. ఖర్చులకు డబ్బుందా అని ఇమిగ్రేషన్ అధికారి అడగవచ్చు. వాళ్ల డబ్బు బాట్‌లలో చెప్పాలంటే, మనిషికి 20,000 బాట్, కుటుంబానికి 40,000 బాట్ చూపించమనే నిబంధన ఉంది. అందరినీ అడగరు కానీ అడిగినప్పుడు చూపించగలగాలి.

ఇక్కడే ఇంకో మాట, ముఖ్యంగా ఉద్యోగం వెతుక్కుంటున్న కుర్రాళ్లకు. టూరిస్టుగా వెళ్లినవాళ్లు అక్కడ పని చేయకూడదు. ‘థాయ్‌లాండ్‌లో డేటా ఎంట్రీ, మంచి జీతం, టికెట్ మేమే పంపిస్తాం’ అని ఎవరైనా అంటే వెళ్లకండి. అలా నమ్మి వెళ్లినవాళ్లను మే సోట్ సరిహద్దు దాటించి, మయన్మార్‌లోని మ్యావడీ వైపు సైబర్ మోసాల కేంద్రాలకు చేర్చారు. చిక్కుకున్నవాళ్లలో ఆంధ్ర, తెలంగాణ యువకులు కూడా ఉన్నారు. మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఎవరికైనా ఇలాంటి ఆఫర్ వస్తే, ఈ సంగతి వాళ్ల చెవిన వేయండి.

3. డబ్బు, ఫోను: ఇంట్లోనే చేసుకోవాల్సిన పనులు

ఒక బాట్ సుమారుగా రెండున్నర నుంచి మూడు రూపాయల మధ్య ఉంటుంది. అక్కడి దుకాణాల్లో కనిపించే క్యూఆర్ కోడ్‌లు థాయ్ బ్యాంకు ఖాతాలకు చెందినవి, కాబట్టి ఫోన్‌పే, గూగుల్‌పే ఉన్నాయన్న ధీమాతో వెళ్లకండి. వీధి బండ్లు, పడవలు, చిన్న హోటళ్లు, గుడి టికెట్లు అన్నిటికీ నగదే కావాలి. మొదటి రోజుకు సరిపడా బాట్ ఇక్కడే మార్చుకుని, మిగతాది అక్కడ మార్చుకోండి. సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో బయటికి వచ్చేచోట ఉండే బ్యాంకు కౌంటర్లకన్నా, కింద రైలు స్టేషన్ దగ్గరున్న మనీ ఎక్స్‌ఛేంజ్‌లలో మెరుగైన రేటు వస్తుంది. ఏటీఎంలు విదేశీ కార్డుకు ప్రతిసారీ 200 బాట్‌కు పైగా రుసుము తీసుకుంటాయి. తీయక తప్పకపోతే కొంచెం కొంచెం కాకుండా ఒకేసారి తీయండి. ‘రూపాయల్లో లెక్క కట్టమంటారా’ అని మెషిన్ అడిగితే వద్దని నొక్కండి. ఒప్పుకుంటే రేటులో ఇంకొంచెం పోతుంది.

మన కార్డుల్లో విదేశీ లావాదేవీలు మామూలుగా ఆపేసి ఉంటాయి. బ్యాంకు యాప్‌లోకి వెళ్లి ఇంటర్నేషనల్, కాంటాక్ట్‌లెస్ రెండూ ఆన్ చేసుకోండి. టాక్సీ పిలుచుకునే గ్రాబ్, బోల్ట్ యాప్‌లు ఇక్కడే దించుకుని మన నంబరుతో ఓటీపీ కూడా పూర్తిచేయండి. అక్కడ దిగాక మన సిమ్‌కు మెసేజ్ రాక, యాప్ తెరుచుకోక ఎయిర్‌పోర్టులో నిలబడిపోవడం వట్టి టెన్షన్. టూరిస్ట్ సిమ్ లేదా ఈ-సిమ్ ఏదైనా పర్వాలేదు, మన సిమ్‌ను మాత్రం ఫోన్‌లోంచి తీయకండి. రెండు పిన్నుల ఛార్జర్లు అక్కడి ప్లగ్గుల్లో పడతాయి, మన లావు మూడు పిన్నులది పట్టదు.

హోటల్ పేరు, అడ్రసు థాయ్ లిపిలో ఉన్న స్క్రీన్‌షాట్ ఒకటి దాచుకోండి. డ్రైవర్లలో చాలామందికి ఇంగ్లీషు అక్షరాలు చదవడం కష్టం.

4. హోటల్ ఎక్కడ?

హోటల్ ఎన్ని నక్షత్రాలదనే కన్నా, రైలు స్టేషన్‌కు ఎన్ని నిమిషాల నడకో ముందు చూడండి. ఐదారు నిమిషాలు దాటితే ఎంత చవకైనా నేను తీసుకోను. రోజుకు రెండు మూడుసార్లు ఆ దూరం ఎండలో నడవాలి మరి.

మొదటిసారి వెళ్లేవారికి నా ఓటు అసోక్ ప్రాంతానికి. ఆకాశ మార్గంలో వెళ్లే బీటీఎస్ రైలు, భూగర్భంలో నడిచే ఎంఆర్‌టీ అక్కడ కలుస్తాయి, కాబట్టి ఎటు వెళ్లాలన్నా సులువు. పక్కనే ఉన్న నానా స్టేషన్ దగ్గర ఇండియన్ హోటళ్లు బోలెడు. కాకపోతే అక్కడి కొన్ని వీధులు రాత్రిళ్లు బార్లతో నిండి ఉంటాయి, పిల్లలతో వెళ్లేవాళ్లు గది తీసుకునే ముందు ఏ వీధో చూసుకోవాలి. మన టూరు గుంపులు ఎక్కువగా దిగేది ప్రతునామ్‌లో. టోకు బట్టల బజారు, ఇండియన్ భోజనం దగ్గర్లోనే ఉంటాయి, ఎయిర్‌పోర్ట్ రైలు స్టేషన్ కూడా దగ్గరే. రోడ్ల మీద రద్దీ మాత్రం విపరీతం. నది ఒడ్డున ఉండాలనుకుంటే సఫాన్ తక్సిన్ స్టేషన్ చుట్టుపక్కల చూడండి.

ఒక చిక్కు ముందే తెలిసి ఉండాలి. సుఖుమ్విత్ రోడ్డు నుంచి చీలే సందులను సోయి అంటారు. బేసి సంఖ్యలు ఒక పక్క, సరి సంఖ్యలు ఇంకో పక్క ఉంటాయి. కానీ 21వ సోయికి ఎదురుగా 22 ఉండదు, అది చాలా ముందుకు వెళ్తే వస్తుంది. కాబట్టి నంబర్లు దగ్గరగా ఉన్నాయని నడక మొదలుపెట్టకండి.

5. దిగిన తర్వాత

బ్యాంకాక్‌కు రెండు ఎయిర్‌పోర్టులు. పెద్దది సువర్ణభూమి, చవక విమానాలు ఎక్కువగా దిగేది డాన్ ముయాంగ్. రెండూ ఊరికి చెరో వైపు ఉన్నాయి. టికెట్ మీద ఏది రాసుందో చూసుకోండి, తిరుగు టికెట్ మీద కూడా. అక్కడి గడియారం మనకన్నా గంటన్నర ముందు.

సువర్ణభూమి అడుగు అంతస్తులోనే ఎయిర్‌పోర్ట్ రైల్ లింక్ ఉంది. చివరి స్టేషన్ ఫయా థాయ్ దాకా 45 బాట్, అరగంట ప్రయాణం, అక్కడ బీటీఎస్ అందుతుంది. అసోక్ వైపు వెళ్లేవాళ్లు మక్కాసాన్‌లో దిగి, నడక వంతెన మీదుగా ఎంఆర్‌టీ ఫెచ్చబురి స్టేషన్‌కు చేరవచ్చు. అర్ధరాత్రి తర్వాత ఈ రైలు ఉండదు.

నలుగురుండి పెట్టెలు బరువుగా ఉంటే టాక్సీయే మేలు. మొదటి అంతస్తులో గేటు బయట మెషిన్ ఇచ్చే చీటీలో ఏ వరుసలోని టాక్సీ ఎక్కాలో ఉంటుంది. మీటరు 35 బాట్‌తో మొదలవుతుంది, దాని మీద ఎయిర్‌పోర్టు రుసుము 50 బాట్. ఎక్స్‌ప్రెస్‌వే టోల్ మీరే కట్టాలి. లోపల తిరుగుతూ ‘టాక్సీ, టాక్సీ’ అని వెంటపడేవాళ్ల వైపు చూడకండి.

డాన్ ముయాంగ్ నుంచి రెడ్ లైన్ రైలు ఉంది, బీటీఎస్ మో చిత్ స్టేషన్‌కు ఏ1 బస్సు కూడా ఉంది.

మన విమానాలు చాలావరకు రాత్రి బయల్దేరి తెల్లవారుజామున దింపుతాయి, హోటల్ గది మధ్యాహ్నం రెండింటికి గానీ ఇవ్వరు. పెట్టెలు రిసెప్షన్‌లో పెట్టి, దగ్గర్లోని పార్కుకు వెళ్లండి. అసోక్ దగ్గర బెంచకిత్తి పార్కు ఉంది, చెరువు మీదుగా నడక వంతెనలు వేశారు, ఉదయం చల్లగా బాగుంటుంది.

6. ఊళ్లో తిరగడం

ఈ నగరంలో దూరాన్ని కిలోమీటర్లలో లెక్కపెట్టడం వృథా. నాలుగు కిలోమీటర్లకు సాయంత్రం ఐదింటికి టాక్సీలో గంట పట్టొచ్చు, అదే దూరం రైల్లో పది నిమిషాలు. అందుకే ముందు మ్యాప్‌లో రైలు గీతలు చూసి, వాటి పొడవునా ఉన్నవే ఒక్కో రోజుకు ఒక్కో ప్రాంతంగా పెట్టుకోండి. పొద్దున చతుచక్ సంత, మధ్యాహ్నం రాజభవనం, సాయంత్రం మాల్ అని రాసుకుంటే రోజు రోడ్డు పాలవుతుంది.

బీటీఎస్, ఎంఆర్‌టీ వేర్వేరు సంస్థలు. ఒకదాని టికెట్ ఇంకోదానిలో చెల్లదు. ఎంఆర్‌టీలో గేటు దగ్గర కాంటాక్ట్‌లెస్ వీసా, మాస్టర్‌కార్డ్ తాకిస్తే చాలు, దిగేటప్పుడు మళ్లీ అదే కార్డు తాకించాలి. ఒక్కొక్కరికి ఒక్కో కార్డు ఉండాలి. బీటీఎస్‌కు మెషిన్‌లో టికెట్ తీసుకోవచ్చు, లేదా ర్యాబిట్ కార్డు కొనుక్కోవచ్చు, దానికి పాస్‌పోర్టు చూపించాలి. కొన్ని మెట్ల దారులకే లిఫ్ట్ ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే ఏ ఎగ్జిట్‌లో లిఫ్ట్ ఉందో బోర్డు చూసి కదలండి.

ఇక పడవలు. ఈ ఊరిని ఇష్టపడేలా చేసేవి ఇవే. సఫాన్ తక్సిన్ స్టేషన్ దిగితే ఎదురుగానే సాథోన్ రేవు. అక్కడ నారింజ జెండా పడవ ఎక్కండి, ఇంచుమించు సిటీ బస్సు టికెట్ అంత ఖర్చుతో చావో ఫ్రాయా నది పొడవునా పాత నగరం దాకా వెళ్లొచ్చు. రేవులో నీలం జెండా టూరిస్ట్ పడవ టికెట్లు అమ్మేవాళ్లు ముందు పలకరిస్తారు. అదీ మంచిదే, రద్దీ తక్కువ, కానీ ధర ఎక్కువ. నారింజ జెండా ఎక్కడని అడిగితే చూపిస్తారు. పడవలో భిక్షువుల కోసం వదిలిన చోట నిలబడకండి. నది కాక సెన్ సేప్ అనే కాలువలోనూ పడవలు నడుస్తాయి. ప్రతునామ్ నుంచి గోల్డెన్ మౌంట్ గుడి వైపు వెళ్లడానికి ట్రాఫిక్‌లో అంతకన్నా వేగంగా పోయే సాధనం లేదు. పడవ ఆగేది కొన్ని క్షణాలే, కాబట్టి చంటిపిల్లలతో, పెద్దవాళ్లతో కాలువ పడవ వద్దు.

టాక్సీ ఎక్కితే కూర్చునే ముందే ‘మీటర్’ అనండి. ఒప్పుకోకపోతే తలుపు వేసి తర్వాతిది చూసుకోండి. టుక్‌టుక్‌కు మీటరు ఉండదు, ముందే బేరం కుదుర్చుకోవాలి. సరదాకు ఒకసారి ఎక్కండి చాలు.

7. తిండి

చికెన్ తిని పంది, గొడ్డు మాంసం తినని కుటుంబాలు మనలో ఎక్కువ. వాళ్లకు పేర్లు తెలియాలి. కాయ్ అంటే కోడి, మూ అంటే పంది, న్యూవ అంటే గొడ్డు మాంసం, కుంగ్ అంటే రొయ్య, ప్లా అంటే చేప. ‘మై ఆవ్ మూ’ అంటే పంది వద్దు అని. ఒకే పెనం మీద అన్నీ వేయిస్తారు, అది పట్టింపు ఉన్నవాళ్లు వీధి బండ్ల దగ్గర పళ్లతో, తీపి పదార్థాలతో సరిపెట్టుకోవడం మంచిది.

శాకాహారులకు చిక్కు కనిపించేదాంట్లో ఉండదు. కూరగాయల అన్నం అడిగితే ముక్కలన్నీ కూరగాయలే ఉంటాయి, కానీ ఉప్పు బదులు నామ్ ప్లా పోస్తారు, అది చేపల సాస్. బొప్పాయి కోరుతో చేసే సోమ్ తమ్‌లో ఎండు రొయ్యలు కూడా వేస్తారు. వంటమనిషికి అవి మాంసం కిందికి రావు, అందుకే ‘వెజ్’ అంటే సరిపోదు. ‘కిన్ జే’ అనండి. ‘జే’ అంటే అక్కడి చైనా బౌద్ధుల నియమ భోజనం. మాంసం, చేప, గుడ్డు, పాలు, ఉల్లి, వెల్లుల్లి ఏవీ ఉండవు. పసుపు జెండా మీద ఎర్రగా, మన కళ్లకు 17 అంకెలా కనిపించే అక్షరం ఉన్న ప్రతి బండీ, ప్రతి హోటలూ ఆ భోజనం పెట్టేదే. ఈ ఒక్క గుర్తు పట్టుకుంటే శాకాహారులు బ్యాంకాక్‌లో ఎక్కడైనా బతకొచ్చు. సెప్టెంబర్, అక్టోబర్ ప్రాంతంలో వచ్చే జే పండుగ రోజుల్లో యావోరాత్ వీధి, అంటే వాళ్ల చైనాటౌన్, ఆ జెండాలతో పసుపెక్కిపోతుంది.

కారం సంగతికొస్తే, గుంటూరు నాలుకకు కూడా అక్కడి చిన్న మిరపకాయలు గట్టి పరీక్షే పెడతాయి. మొదటి రోజు ‘ఫెత్ నిత్ నోయ్’, కొంచెం కారం చాలు, అని మొదలుపెట్టండి. కొబ్బరిపాల జిగురు అన్నంతో పెట్టే మామిడిపండు తప్పక తినండి. మామిడిపళ్ల రుచి తెలిసిన మనవాళ్లే దాన్ని బాగా మెచ్చుకోగలరు.

మన భోజనం మీద మనసు పోయినప్పుడు పాహురత్ వెళ్లండి. సిక్కు గురుద్వారా చుట్టూ పెరిగిన పాత భారతీయ బజారు అది. సిలోమ్‌లో తమిళులు కట్టిన మహామారియమ్మన్ గుడి ఉంది, థాయ్ భక్తులే ఎక్కువగా కనిపిస్తారు. ఇంటినుంచి పచ్చడి తీసుకెళ్లేవాళ్లు చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి, చేతి సంచిలో ఉంటే సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు. కుళాయి నీళ్లు తాగవద్దు. అడుగడుగునా ఉండే సెవెన్ ఎలెవెన్ దుకాణాల్లో నీళ్ల సీసా చవకే.

8. పాత నగరానికి ఒక రోజు

మిగతావన్నీ తగ్గించుకున్నా ఈ రోజును తగ్గించవద్దు.

గ్రాండ్ ప్యాలెస్, అంటే రాజభవనం, ఉదయం ఎనిమిదిన్నరకు తెరుస్తారు, తెరిచే వేళకే అక్కడ ఉండండి. టికెట్ 500 బాట్. చేతుల్లేని జాకెట్లు, నిక్కర్లు, చిరుగుల జీన్స్ వేసుకుంటే లోపలికి పంపరు. చుడీదార్, మామూలు ప్యాంటు చొక్కా చాలు. ఎంఆర్‌టీ సనమ్ చాయ్ స్టేషన్ నుంచి నడవొచ్చు, లేదా పడవలో తా చాంగ్ రేవులో దిగొచ్చు.

దారిలో మర్యాదస్తుడిలా ఉన్న ఒకాయన ఎదురై ‘ఈ రోజు మూసేశారు, పూజ జరుగుతోంది, ఈ టుక్‌టుక్ వేరే గుళ్లు చూపిస్తుంది, 20 బాట్ చాలు’ అంటాడు. అది అబద్ధం. ఆ టుక్‌టుక్ చివరికి ఆగేది రత్నాల దుకాణం ముందు. ఏమీ మాట్లాడకుండా గేటు దాకా నడిచి మీ కళ్లతో చూసుకోండి.

లోపల అందరూ మరకత బుద్ధుడి దగ్గరికి పరుగెడతారు. అరవై ఆరు సెంటీమీటర్ల చిన్న విగ్రహం, మూడు కాలాలకు మూడు రకాల వస్త్రాలు మారుస్తారు. తప్పక చూడండి, కానీ గుడి చుట్టూ ఉన్న మండపాన్ని వదిలేయకండి. 178 చిత్రాల్లో రామకియెన్, అంటే థాయ్ రామాయణం, కథంతా అక్కడ గోడల మీద ఉంది. 1782లో బ్యాంకాక్‌ను రాజధాని చేసిన మొదటి రామ చక్రవర్తి హయాంలోనే ఈ కావ్యం రూపు దిద్దుకుంది. గైడు లేకుండానే మనం చదవగలిగిన గోడలు ఇవి. తోసకన్ అంటే మన దశకంఠుడు, ఆకుపచ్చ ముఖంతో ఉంటాడు. తెల్లటి కోతి హనుమంతుడు. తేడాలు చూస్తుంటే ఆసక్తి ఇంకా పెరుగుతుంది. అక్కడి కథలో సీత రావణుడి కూతురు. హనుమంతుడు బ్రహ్మచారి కాడు, సేతువు కట్టేటప్పుడు అడ్డుపడ్డ మత్స్యకన్యను వలచి గెలుచుకుంటాడు. పిల్లలకు రామాయణం చెప్పి తీసుకెళ్లండి, వాళ్లే ఒక్కో బొమ్మనూ గుర్తుపడతారు.

అక్కడి నుంచి వాట్ ఫో గుడికి పావుగంట నడక. టికెట్ 300 బాట్. 46 మీటర్ల పొడవున పవళించిన బుద్ధుడు ఇక్కడే ఉన్నాడు. పాదాల మీద ముత్యపుచిప్పలతో చెక్కిన 108 శుభచిహ్నాలను తీరిగ్గా చూడండి. థాయ్ మసాజ్ విద్యకు ఈ గుడే పేరు పొందిన బడి, లోపల మసాజ్ చేయించుకునే ఏర్పాటు ఉంది. ఎండలో నడిచిన కాళ్లకు హాయిగా ఉంటుంది, కుటుంబంతో వెళ్లినా ఏ సంకోచమూ అక్కర్లేదు. సాయంత్రం తా తియెన్ రేవు నుంచి చిన్న పడవలో నది దాటితే వాట్ అరుణ్ గుడి.

ఇంకో రోజు దొరికితే మాల్‌కు బదులు రైల్లో అయుత్థయ వెళ్లండి. 1350 నుంచి 1767లో బర్మా సైన్యం నాశనం చేసేదాకా రాజధాని అదే. మూడో తరగతి టికెట్ 20 బాట్ అటూఇటూ, రెండు గంటల లోపు ప్రయాణం. వాట్ మహాథాట్‌లో చెట్టు వేళ్ల మధ్య చిక్కుకున్న బుద్ధుడి తలతో ఫొటో తీసుకోవాలంటే దానికన్నా ఎత్తుగా నిలబడకుండా కింద కూర్చోవాలి.

9. మర్యాద, చట్టం

రాజకుటుంబం గురించి తేలిగ్గా మాట్లాడడం, పోస్టులు పెట్టడం నేరం, 3 నుంచి 15 ఏళ్ల జైలు శిక్ష ఉంది. కింద పడిన నోటును కాలితో ఆపకూడదు, దాని మీద రాజు బొమ్మ ఉంటుంది. ఉదయం ఎనిమిదికి, సాయంత్రం ఆరుకు స్టేషన్లలో, పార్కుల్లో జాతీయగీతం వినిపిస్తే నిలబడాలి. ఎవరి తలనూ తాకకండి, పసిపిల్లలదైనా సరే. బుద్ధుడి వైపు కాళ్లు చాపకండి. ఆడవాళ్లు భిక్షువులను తాకకూడదు.

ఈ-సిగరెట్లు అక్కడ నిషేధం, వెంట ఉంటేనే ఇబ్బంది. గంజాయి దుకాణాలు కనిపించినా 2025 నుంచి డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలి. దాన్ని మన దేశానికి తేవడం పెద్ద నేరం. ఎవరైనా ‘ఈ పార్సిల్ హైదరాబాద్‌లో మావాళ్లకు ఇవ్వండి’ అంటే, తెలుగువాళ్లే అయినా, మొహమాటపడకుండా కుదరదనండి.

టూరిస్టు పోలీసు 1155, అంబులెన్సు 1669. భారత రాయబార కార్యాలయం సుఖుమ్విత్ 23వ సోయిలో ఉంది. ప్రయాణ బీమా తీసుకోకుండా పెద్దవాళ్లను తీసుకెళ్లకండి. ప్రైవేటు ఆసుపత్రుల వైద్యం బాగుంటుంది, బిల్లు కూడా అదే స్థాయిలో ఉంటుంది.

10. తిరుగు ప్రయాణం

చతుచక్ సంత అసలు సందడి శని, ఆదివారాల్లోనే, మో చిత్ స్టేషన్ పక్కనే. పెద్ద బుద్ధ విగ్రహాలు కొనకండి, లలితకళల శాఖ అనుమతి లేకుండా దేశం దాటించనివ్వరు. వ్యాట్ రీఫండ్, అంటే కట్టిన పన్ను వెనక్కి ఇచ్చే, బోర్డు ఉన్న దుకాణంలో ఒకేరోజు 2,000 బాట్‌కు మించి కొంటే, పాస్‌పోర్టు చూపించి ఫారం అడగండి. కొన్న మొత్తం 20,000 బాట్‌కు చేరితే, ఎయిర్‌పోర్టులో పెట్టెలు చెక్-ఇన్‌లో వేయకముందే ఆ ఫారం మీద కస్టమ్స్ ముద్ర వేయించాలి, కొన్న వస్తువులు చూపించమంటారు. డబ్బు ఇచ్చే కౌంటరు ఇమిగ్రేషన్ దాటాక లోపల ఉంటుంది. ఈ పనికీ, సువర్ణభూమి క్యూలకీ కలిపి మూడున్నర గంటల ముందు చేరండి. సాయంత్రం విమానమైతే టాక్సీని నమ్మకుండా ఫయా థాయ్‌లో రైలెక్కండి.